కడప ఎండల్లో సోడా కెగ్గు: రెగ్యులేటర్ గురించే నా మాటంతా

ఇంట్లోనే సోడా చేసుకునే స్టీలు డబ్బా, అదే సోడా కెగ్గు, ఎలా ఉందని ఎవరడిగినా నేను మొదలుపెట్టేది సిలిండర్ నుంచి వచ్చే గ్యాస్ ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ తోనే. 19 లీటర్ల స్టీలు కెగ్గులో నీళ్ళు పోసి, పాత ఫ్రిజ్‌లో పెట్టి, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ తగిలించి, రెగ్యులేటర్ ముల్లు 30 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గర నిలిపి వదిలేస్తే చాలు. నీళ్ళు పట్టినంత గ్యాస్ పట్టి అక్కడికి ఆగిపోతాయి. వారం వదిలేసినా అంతకు మించి ఎక్కదు. ఇంట్లో బీరు చేసుకునే దేశాల్లో ఇదే పద్ధతిలో 12 దగ్గర పెట్టుకుంటారు. మన నన్నారి సోడాకు గొంతులో చురుక్కుమనాలి, అందుకే 30.

పోయిన మే నెలలో ఫ్రిజ్ కంప్రెసర్ పోయింది. మెకానిక్ వచ్చేసరికి మూడో రోజు. ఈలోపు ప్రొద్దుటూరు నుంచి మా పెద్దమ్మ వాళ్ళు దిగారు. గ్లాసులో నన్నారి పోసి, నిమ్మకాయ పిండి కుళాయి తిప్పితే బుస్సుమని చిమ్మింది. తెల్లగా పొంగిందే గానీ నోట్లో పెట్టుకుంటే చప్పటి నీళ్ళు. "ఇది చచ్చిపోయిన సోడా గదరా నాయనా, పారబోయి" అంది పెద్దమ్మ.

పారబోయలేదు. సిలిండర్ వాల్వ్ మూసేసి, కెగ్గు అలాగే ఉంచాను. ఒత్తిడి పెరిగేకొద్దీ నీళ్ళలో గ్యాస్ ఎక్కువ కరుగుతుందని ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త విలియం హెన్రీ 1803లోనే చెప్పాడు, కానీ చల్లదనం కూడా తోడుండాలి. అదే 30 పీఎస్ఐ దగ్గర 4 డిగ్రీల నీళ్ళలో నిలిచే గ్యాస్‌లో సగం కూడా 30 డిగ్రీల నీళ్ళలో నిలవదు. మిగిలింది పైకొచ్చి మూత కింద చేరి ప్రెషర్ పెంచుతుంది. గొట్టంలో గ్యాస్‌ను వెనక్కి పోనివ్వని చెక్ వాల్వ్ ఉంది, మూత వాషర్ గట్టిది, కాబట్టి బయటికి పోయే దారి లేదు. ఫ్రిజ్ బాగై నీళ్ళు మళ్ళీ చల్లబడ్డాక, చుక్క గ్యాస్ ఎక్కించకుండానే ఆ చురుకు తిరిగొచ్చింది! నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. రెండో గ్లాసు పెద్దమ్మే అడిగి తాగింది.

గ్యాస్ ఎక్కిస్తూ కెగ్గును ఊపితే పది నిమిషాల్లో సోడా రెడీ అని ఇదివరకు చాలామందికి చెప్పాను. అవుతుంది, నిజమే. ఎంత ఎక్కిందో మాత్రం తెలియదు, ఒకసారి ఘాటు, ఒకసారి చప్పన. చుట్టాలు చెప్పకుండా వస్తే తప్ప ఇప్పుడు ఊపను.

మాది మనుషులెక్కువున్న ఇల్లు, పాత ఫ్రిజ్ ఖాళీగా ఉండింది, గ్యాస్ నింపేచోటు దగ్గరే. ఇద్దరే ఉండి ఎప్పుడో ఒక గ్లాసు తాగేవాళ్ళకు నేనైతే కొనమని చెప్పను. కొనేవాళ్ళు ఎండాకాలం రాకముందే ఫ్రిజ్ ఒకసారి మెకానిక్‌కు చూపించుకోండి.