ఈకో వ్యాన్‌లో నాలుగు చలికాలాలు

బెంగళూరులో చలెక్కడిది సార్ అని మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నవ్వుతుంటాడు. మారతహళ్ళిలో రాత్రి పదిహేను డిగ్రీలైతే చాలు, మంకీ క్యాపులు బయటికొస్తాయి మరి. కానీ ఇక్కణ్ణుంచి ఏడు గంటలు బండి నడిపితే ఊటీ. 2,240 మీటర్ల ఎత్తు. జనవరిలో తలైకుందా వైపు పచ్చిక మీద తెల్లవారేసరికి ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుని ఉంటుంది. అదే మంచు మా వ్యాన్ అద్దానికి లోపలి వైపు కూడా పట్టి ఉండటం చూసిన పొద్దున, చలికాలం రాత్రుళ్ళు వ్యాన్‌లో పడుకోవడం కాస్త బుద్ధిగా నేర్చుకోవాల్సిన విద్య అని అర్థమైంది.

2021లో పాత ఈకో కొన్నాను. మధ్య సీటు తీసేసి, విప్పడానికి వీలుండే ప్లైవుడ్ మంచం వేయించాను. అప్పట్నుంచి నాలుగు చలికాలాలు. ఊటీ మూడుసార్లు, కూర్గ్, చిక్కమగళూరు లెక్క పెట్టలేదు, సంక్రాంతికి అత్తగారి నర్సీపట్నం వెళ్ళినప్పుడల్లా లంబసింగి, ఒకే ఒక్కసారి హిమాచల్‌లోని స్పితి. చలి ఆపడానికి పెట్టిన ఖర్చు మాత్రం డైరీలో రాసుకుంటూ వచ్చాను. నలభై ఆరు వేలు దాటింది. అందులో సగానికి పైగా దండగే.

మొదటి రాత్రి నంది కొండ కింద ఒక దాబా వెనకాల. పైన రెండు రగ్గులు, ఒంటి మీద స్వెట్టర్. అయినా మూడింటికి వీపు కింద ఐసు గడ్డ పెట్టినట్టు మెలకువ వచ్చింది. ఇంకో రగ్గు కప్పుకున్నాను. తేడా లేదు. తప్పు పైన కాదు, కింద ఉంది. నాలుగంగుళాల ఫోమ్ పరుపు మన బరువుకు అణిగిపోతుంది, దాని కింద అరంగుళం చెక్క, చెక్క కింద ఖాళీ, ఆ ఖాళీలో బయటి గాలంత చల్లటి గాలి. స్లీపింగ్ బ్యాగ్ కొన్నా ఇంతే. దాని వెచ్చదనమంతా ఉబ్బిన దూదిలో చిక్కుకున్న గాలిది. మనం పడుకున్న వైపు దూది నలిగి చపాతీ అయిపోతుంది, ఇక అక్కడ గాలి నిలవదు.

మాది కళ్యాణదుర్గం వైపు. చిన్నప్పుడు చలికాలం మా అవ్వ నేల మీద ముందు గోనెపట్టా పరిచేది, దాని మీద పాత చీరల బొంత, దాని మీద కంబళి, ఆపైన మమ్మల్ని. కప్పుకోవడానికి ఇచ్చేది ఒక్క దుప్పటే. ఇంజినీరింగ్ చదివి, ఇరవై వేలు తగలేసి, చివరికి వచ్చి ఆగింది అక్కడే. ఇప్పుడు మా మంచం మీద చెక్కను ఆనుకుని ట్రెక్కింగ్ వాళ్ళు వాడే మడత మ్యాట్ రెండు పొరలు, దాని మీద పరుపు, పరుపు మీద ఊరి కంబళి. ఉన్నికి ఇంకో గుణం ఉంది. తన బరువులో మూడో వంతు దాకా చెమ్మ తాగినా చేతికి తడి తెలియనివ్వదు. గరుకుగా గుచ్చుకుంటుందని మా ఆవిడ మొదట్లో గొడవ పెట్టింది. పైన పాత నూలు దుప్పటి వేశాక సర్దుకుంది. ఈ మొత్తానికి అయింది మూడు వేల లోపే. నాలుగేళ్ళలో పెట్టిన ఖర్చుల్లో నాకు నూటికి నూరు పాళ్ళు గిట్టింది ఇదొక్కటే.

స్లీపింగ్ బ్యాగ్ గురించి ఒక్క మాట. సంచీ మీద పెద్ద అక్షరాల్లో సున్నా డిగ్రీలు అని చూసి కొన్నాను. ఊటీలో రెండు డిగ్రీలకే ఇద్దరం వణికాం. లోపల కుట్టిన చిన్న గుడ్డముక్క తర్వాత చదివితే కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు అంకెలు కనిపించాయి. పైన అచ్చేసిన సున్నా లిమిట్‌ది. అంటే ముడుచుకుని పడుకుంటే మగవాడు ఎలాగో తెల్లారగట్టుకునే చలి. హాయిగా నిద్రపట్టే కంఫర్ట్ అంకె అయిదు. ఎక్స్‌ట్రీమ్ అనేది చావకుండా బయటపడే లెక్క, దాన్ని చూసి ఎవరూ కొనకండి. ఆడవాళ్ళకు కొనేటప్పుడు కంఫర్ట్ అంకె తప్ప ఇంకేదీ చూడనక్కర్లేదు.

రెండో చలికాలం నా శత్రువు చలి కాదు, చెమ్మ. ఇద్దరు మనుషులు రాత్రంతా ఊపిరి వదిలితే సుమారు అర లీటరు నీళ్ళు గాల్లో కలుస్తాయి. వెచ్చదనం పోతుందని అద్దాలన్నీ బిగించుకుంటే ఆ నీళ్ళు రేకు మీద, అద్దం మీద, చివరికి మన దుప్పటి మీద చేరతాయి. తడిసిన దుప్పటి చలి ఆపదు. అందుకే ఎంత చలైనా ముందు రెండు కిటికీలూ రెండు వేళ్ళ సందు దించి ఉంచుతాం. పైన ప్లాస్టిక్ వైజర్లు ఉన్నాయి కాబట్టి వానొచ్చినా ఇబ్బంది లేదు. మొదటి రాత్రి మా ఆవిడ "ఏమండీ, చలికి తలుపులు తీసుకుని పడుకునేవాళ్ళని మిమ్మల్నే చూశాను" అంది. పొద్దున అద్దాలు పొడిగా ఉండటం చూసి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇదే చెమ్మ ఇంకో చోట దెబ్బ కొట్టింది. జేసీ రోడ్‌లో ఫోమ్ షీట్లు కొని పైకప్పుకీ తలుపులకీ గమ్‌తో అంటించాను. గమ్ కంపు నెల రోజులు వదల్లేదు. మూడో ఏడు ఏదో పనికి స్లైడింగ్ డోర్ ప్యానెల్ విప్పితే ఫోమ్ వెనకాల అడుగున తుప్పు. రేకుకీ ఫోమ్‌కీ మధ్య చేరిన నీళ్ళు దిగే దారి నేనే మూసేశాను. పైకప్పుకు వేస్తే మంచిదే. తలుపుల అడుగున నీళ్ళు కారే రంధ్రాల జోలికి మాత్రం పోవద్దు. నిజానికి అద్దాల్లోంచి కూడా చాలా వేడి పోతుంది. వెండిరంగు బబుల్ షీట్‌ను అద్దాల కొలతకు కత్తిరించి నొక్కి పెట్టుకుంటే, ముందు సీట్ల వెనక ఒక మందపాటి పరదా కడితే, ఫోమ్ చేసే పనిలో చాలా భాగం అవే చేస్తాయి. ఈకోలో ఇంజిన్ ముందు సీట్ల కిందే కదా, ఘాట్ ఎక్కి ఆగిన మొదటి గంట పరదా తీసే ఉంచితే ఆ సెగ కాస్త వెనక్కీ వస్తుంది. అది కూడా ఇంజిన్ ఆపేసిన తర్వాతే. ఆగిన బండిలో ఇంజిన్ నడుపుతూ నిద్రపోవడం అనే మాటే వద్దు.

ఇక హీటర్. 2023 అక్టోబరు చివర్లో స్పితి ప్రయాణానికని ఆన్‌లైన్‌లో పన్నెండు వోల్టుల డీజిల్ హీటర్ తెప్పించాను. పద్దెనిమిది వేలు, బిగింపు కూలి వేరే. బండి పెట్రోలుది కాబట్టి హీటర్‌కు విడిగా అయిదు లీటర్ల ట్యాంకు. నేలకు రెండు రంధ్రాలు కొట్టి, ఒకదాంట్లో పొగ గొట్టం, ఇంకోదాంట్లో అది మండడానికి గాలి పీల్చే గొట్టం. వస్తువు పనితనం మాత్రం మెచ్చుకోవాల్సిందే. రాత్రంతా కలిపి లీటరుంపావు డీజిల్ తాగి పొడి వేడిగాలి ఇస్తుంది. గ్యాస్ మండితే వచ్చే నీటి ఆవిరి దీనికి లేదు, మండేదంతా బయటికే పోతుంది.

పోవాలి. బిగించిన రెండో రాత్రే, ఇంకా మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పరీక్షగా పడుకున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. కింద పొగ గొట్టం క్లాంపు బిగించనేలేదు ఆ వర్క్‌షాప్ కుర్రాడు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. నిద్రలో ఉన్నవాడికి తెలిసే దారే లేదు. రెండు వేల అలారం ఆ రోజు మా ఇద్దరి ప్రాణాలూ కాపాడింది. హీటర్ కొన్నా కొనకపోయినా అలారం కొనండి. లంబసింగిలో బస చేసిన చోట ఒక పెద్దాయన జాలిపడి నిప్పుల కుంపటి తెచ్చి, "లోపల పెట్టుకోండి బాబూ, ఎచ్చగా ఉంటాది" అన్నాడు. నిప్పుల్లోంచి వచ్చేదీ అదే వాయువు కదా, దండం పెట్టి కుంపటిని బయటే ఉంచి, దాని పక్కన మేమే కూర్చున్నాం.

స్పితిలోని కాజాలో హీటర్‌కు అసలు పరీక్ష. 3,600 మీటర్లకు పైన, బయట మైనస్ ఎనిమిది. మొదటి రాత్రి బాగానే నడిచింది. రెండో రాత్రి తెల్లపొగ కక్కి ఆగింది. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో మూడింట రెండొంతులే, డీజిల్ సరిగ్గా మండక లోపల మసి పడుతుంది. ట్యాంకులో ఉన్నదేమో బెంగళూరు డీజిల్. అది చలికి మైనం తేలి మజ్జిగలా తయారైంది. లద్దాఖ్ లాంటి చోట్ల కోసం ఇండియన్ ఆయిల్ మైనస్ 33 దాకా గడ్డకట్టని డీజిల్‌ను 2019లో తెచ్చిందంటే ఎందుకో అప్పుడు తెలిసొచ్చింది. దీనికి తోడు, హీటర్ రాజేసుకునేటప్పుడు పది ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్నటి వైరు వేసిన చోట వోల్టేజీ పడిపోయి ఎర్రర్ చూపిస్తుంది. ఆ రాత్రి గడిచింది కంబళి మీద, వేడినీళ్ళ సంచి మీద.

రబ్బరు సంచి అంటే మందుల షాపులో దొరికే మూడు వందల యాభై రూపాయలదే. మరిగే నీళ్ళు పోయకుండా, మూడింట రెండొంతులే నింపి, పైన ఉన్న గాలి నొక్కేసి మూత బిగించాలి. పాత సాక్సు తొడిగి పాదాల దగ్గర కాదు, తొడల మధ్య పెట్టుకోండి, పెద్ద రక్తనాళాలుండేది అక్కడే. తెల్లారేసరికి గోరువెచ్చగా మిగిలిన ఆ నీళ్ళతోనే మొహం కడుక్కుంటాం. మూడో ఏడు కూర్గ్‌లో రాత్రి రెండింటికి మూత దగ్గర పగిలి పరుపంతా తడిపేసింది. రెండేళ్ళకొకసారి మార్చేయాలి, పిసినారితనం వద్దు. నీళ్ళు కాచుకునే చిన్న బ్యూటేన్ డబ్బా పొయ్యి ఊటీ పొద్దున మొరాయిస్తుంది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరే కాదు. డబ్బాను రాత్రంతా దుప్పట్లో పెట్టుకోవాలి, లేదంటే చలిలోనూ ఆవిరయ్యే ప్రొపేన్ కలిపిన డబ్బా కొనాలి.

మన దక్షిణాది కొండలకు హీటర్ అక్కర్లేదనేది నా మాట. హిమాలయాలకు ఏటా వెళ్ళేవాళ్ళు కొనుక్కోండి, బిగించేటప్పుడు మాత్రం పక్కనే నిలబడి క్లాంపులు మీరే చూసుకోండి. నాది విప్పేసి అటక మీద పడేశాను. ఈ డిసెంబరు మళ్ళీ ఊటీ. నీలగిరికి ఈ-పాస్ తీసుకున్నాను. దారిలో బందీపూర్ అడవి గేటు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు కాబట్టి పొద్దున్నే బయల్దేరతాం. నేలకు కొట్టించిన ఆ రెండు రంధ్రాలకూ రబ్బరు బిరడాలు బిగించాను. వాటిలో ఒకటి గతుకులకు ఊడిపోతుంటుంది. ఘాట్ ఎక్కేముందు గూడలూరులో టీకి ఆగినప్పుడు బండి కిందికి వంగి అది ఉందో లేదో చూసుకోవడం అలవాటైపోయింది.