ప్యాంటు జేబా, చొక్కా జేబా, బ్యాగా: వీర్యకణాల కౌంట్ పడిపోకూడదంటే ఫోన్ ఎక్కడ పెడితే మేలు?

పొద్దున ఏడున్నరకి ల్యాబ్ షట్టర్ తీయగానే షుగర్ టెస్ట్ వాళ్ళు ఎగబడి వస్తారు, కౌంట్ టెస్ట్ వాళ్ళు మాత్రం జనం తగ్గేదాకా బయట బండి మీద కూర్చొని ఫోన్ చూసుకుంటా ఉంటారు. గుంటూర్లో తొమ్మిదేళ్ళుగా టెక్నీషియన్‌గా చేస్తున్నా, ఈ సీన్ మారలా. డబ్బా చేతికిచ్చాక నూటికి సగం మంది గొంతు తగ్గించి అడిగేది ఒకటే, "అన్నా, ఫోన్ ప్యాంటు జేబులో పెడితే కౌంట్ పడిపోద్దంట కదా, మరి ఎక్కడ పెట్టాలి?" అని. నేను డాక్టర్ని కాదు, కానీ రోజూ మైక్రోస్కోప్‌లో చూసేది ఆ వీర్యకణాలనే కాబట్టి ఈ ఫోన్ గోల మీద దొరికిందల్లా చదివా.

ముందు ప్యాంటు ముందు జేబు సంగతి. అందరూ తిట్టేది దీన్నే, ఎందుకంటే వృషణాలకి బాగా దగ్గర. కానీ ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు, జేబులో ఊరికే పడున్న ఫోన్ ఎప్పుడూ ఒకే ధాటిగా సిగ్నల్ పంపుతా ఉండదు, అప్పుడప్పుడు టవర్‌ని పలకరించి ఊరుకుంటది. కాల్ మాట్లాడేటప్పుడు, హాట్‌స్పాట్ ఆన్ చేసినప్పుడు, పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టినప్పుడే ఎక్కువ పని చేస్తది, పైగా సిగ్నల్ వీక్‌గా ఉన్న చోట టవర్‌ని అందుకోడానికి ఇంకా గట్టిగా పంపుద్ది. అంటే "జేబులో ఉందా లేదా" కంటే "జేబులో ఉండి ఏం చేస్తోంది" అన్నది ముఖ్యం. బ్లూటూత్ చెవిలో పెట్టుకొని ఫోన్ జేబులో వేసుకొని గంటలు గంటలు మాట్లాడే వాళ్ళున్నారు చూడండి, తలకాయకి దూరం చేశాం అనుకొని కింద దగ్గర పెట్టుకున్నట్టు అవుతది. దానికంటే ఫోన్ టేబుల్ మీద పెట్టి మాట్లాడటం నయం.

వెనక జేబు అంటే కొంచెం దూరం, అంతే, కూర్చుంటే స్క్రీన్ పగలటం మాత్రం గ్యారంటీ. చొక్కా జేబు ఈ లెక్కలో ప్యాంటు జేబు కంటే మేలే, కాకపోతే గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్న వాళ్ళు మాత్రం ఫోన్‌ని దానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, ఫోన్లలో ఉండే అయస్కాంతాల వల్ల. ఇక బ్యాగు. దూరం పెరిగే కొద్దీ రేడియో తరంగాల బలం గబగబా తగ్గిపోద్ది కాబట్టి అన్నిట్లోకీ అదే బెస్ట్, దీనికి రూపాయి ఖర్చు లేదు. రేడియేషన్ ఆపే పౌచ్‌లు, స్టిక్కర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారుగా, వాటి జోలికి పోవద్దు, సిగ్నల్‌కి అడ్డం పడితే ఫోన్ ఇంకా ఎక్కువ పవర్ వాడే అవకాశం ఉందని అమెరికాలో కొనుగోలుదారులు మోసపోకుండా చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ వాళ్ళే హెచ్చరించారు.

ఇంతకీ జేబు వల్ల కౌంట్ నిజంగా పడిపోద్దా? 2023లో స్విట్జర్లాండ్ వాళ్ళు పెద్ద స్టడీ బయటపెట్టారు, 2005 నుంచి 2018 దాకా మిలిటరీ సెలక్షన్‌కి వచ్చిన 18-22 ఏళ్ళ కుర్రాళ్ళు 2886 మంది. రోజుకి 20 సార్ల కంటే ఎక్కువ ఫోన్ వాడేవాళ్ళకి మిల్లీలీటర్‌కి 44.5 మిలియన్ల కణాలు, వారానికి ఒకసారికి మించి వాడని వాళ్ళకి 56.5 మిలియన్లు. టీవీల్లో ఈ తేడా ఒక్కటే తిప్పి తిప్పి చెప్పారు. అదే స్టడీలో ఇంకో రెండు ముక్కలున్నాయి. ఒకటి, ఫోన్ ప్యాంటు జేబులో పెట్టుకోడానికీ కౌంట్ తగ్గడానికీ లింకు కనపడలేదు, ఒంటికి దూరంగా పెట్టే వాళ్ళు మరీ కొద్దిమందే దొరికారు కాబట్టి గట్టిగా చెప్పలేం అని వాళ్ళే రాశారు. రెండోది, ఆ తేడా 2005-07 లో ఎక్కువ ఉండి, 2జీ పోయి 3జీ, 4జీ వచ్చే కొద్దీ తగ్గుకుంటూ వచ్చింది, కొత్త నెట్‌వర్కుల్లో ఫోన్లు తక్కువ పవర్‌తో పంపుతాయి మరి. కణాల కదలికలో, ఆకారంలో తేడా ఏమీ లేదు. అమెరికా, కెనడా, డెన్మార్క్‌లో పిల్లల కోసం ప్రయత్నిస్తున్న జంటల మీద 2021లో వచ్చిన స్టడీలో కూడా ముందు జేబులో ఫోన్ పెట్టుకున్నా గర్భం రావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

అటు వైపు కూడా చెప్పాలి. 2014లో ఇంగ్లాండ్ ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ళు పది స్టడీలు, 1492 శాంపిల్స్ కలిపి చూస్తే కదలిక దాదాపు 8 శాతం తగ్గినట్టు తేలింది. కానీ వాటిల్లో కొన్ని శాంపిల్‌ని బయట డిష్‌లో పెట్టి పక్కన ఫోన్ పెట్టి చేసినవి. నా పని శాంపిల్స్‌తోనే కాబట్టి ఒక మాట చెప్తా, డిష్‌లో ఉన్న కణానికి అడ్డంగా చర్మం లేదు, కండ లేదు, వేడిని లాక్కుపోయే రక్తం లేదు, దాన్ని చూసి ఒంట్లో ఉన్నదానికి అట్టాగే అవుద్ది అనటం నాకైతే ఒప్పుకోబుద్ధి కాదు.

నన్నడిగితే ఫోన్‌తో పోలిస్తే ల్యాప్‌టాప్ పెద్ద దొంగ. వృషణాలు మన ఒంటి వేడి కంటే 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉండాలి, అందుకేగా దేవుడు వాటిని బయట వేలాడదీసింది. 2005లో న్యూయార్క్ దగ్గర స్టోనీ బ్రూక్‌లో 29 మందిని ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకొని గంటసేపు కూర్చోబెడితే అక్కడి వేడి రెండున్నర డిగ్రీల పైనే పెరిగింది. తమాషా ఏందంటే ల్యాప్‌టాప్ లేకుండా ఊరికే కాళ్ళు దగ్గర పెట్టుకొని కూర్చున్నా 2.1 డిగ్రీలు పెరిగింది! కింద దిండు పెట్టుకుంటే సరిపోద్ది అనుకునే వాళ్ళకి కూడా చెప్తున్నా, తర్వాత అదీ చూశారు, దిండు వల్ల పెద్ద లాభం లేదు, కాళ్ళు ఎడంగా పెడితే కాస్త నయం. వర్క్ ఫ్రమ్ హోమ్ తమ్ముళ్ళు మంచం మీద నుంచి లేచి టేబుల్ కొనుక్కోండి.

బట్టల్లో కూడా ఇదే కథ. 2018లో హార్వర్డ్ వాళ్ళు 656 మందిని చూస్తే, వదులు బాక్సర్లు వేసుకునే వాళ్ళకి బిగుతు డ్రాయర్ల వాళ్ళ కంటే కణాల సాంద్రత 25 శాతం ఎక్కువ. స్విట్జర్లాండ్ ఫోన్ స్టడీలో వచ్చిన తేడా 21 శాతం. అంటే డ్రాయర్ కూడా ఫోన్‌తో సమానంగా నిలబడింది, మరి డ్రాయర్ మీద ఏ టీవీ వాడూ బ్రేకింగ్ న్యూస్ వేయలా. మన తాతల లుంగీకి దండం పెట్టాలి.

నాకు కోపం వచ్చేది వేరే చోట. ఒకాయన వచ్చాడు, పెళ్ళయి ఐదేళ్ళు, ఆవిడకి స్కాన్లు, హార్మోన్ టెస్టులు, ట్యూబ్ టెస్టు అన్నీ అయిపోయినయ్, ఈయన మాత్రం రెండేళ్ళుగా "ఫోన్ జేబులో పెట్టుకోవటం మానేశా, చూద్దాం" అంటా టెస్టుకి రాలా. వచ్చాక చూస్తే వేరికోసిల్, అంటే వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బటం, ఆపరేషన్‌తో చాలామందికి కౌంట్ మెరుగుపడే సమస్య. జిమ్‌లో కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజక్షన్లు వేయించుకొని కణాలు దాదాపు సున్నాకి వచ్చిన కుర్రాళ్ళనీ చూశా, వాళ్ళు కూడా ఫోన్ గురించే అడుగుతారు. ఇంజక్షన్ ఊసు మేం అడిగితే గానీ రాదు.

కాబట్టి ఫోన్ జరపటమా, టెస్ట్ చేయించటమా అంటే టెస్టే. కొన్ని వందల రూపాయల పని. మిల్లీలీటర్‌కి 16 మిలియన్లు అన్నది డబ్ల్యూహెచ్‌ఓ 2021లో చెప్పిన కింది గీత, దాని కింద వస్తే పిల్లలు పుట్టరని కాదు, పైన ఉంటే పుట్టి తీరతారనీ కాదు. వీర్యం బయటికి పోకుండా 2 నుంచి 7 రోజులు గ్యాప్ ఇచ్చి రండి, ఒక్క రిపోర్ట్ చూసి ఏడవద్దు, రెండోసారి చేయించండి. ఇవాళ ఫోన్ బ్యాగులోకి మార్చి వచ్చే వారం కౌంట్ పెరిగిందా అని అడగొద్దు కూడా, ఒక కణం తయారై బయటికి రావటానికి దాదాపు మూడు నెలలు పడుద్ది.

ల్యాబ్ బాత్రూంలో కుదరక ఇంటి దగ్గరే శాంపిల్ తీసి తెచ్చేవాళ్ళకి ఒక రిక్వెస్ట్. గంట లోపు తీసుకురండి, ఎండాకాలం గుంటూర్లో డబ్బాని బండి డిక్కీలో పెట్టి తేవద్దు, లోపల కణాలు ఉడికిపోతాయి. డబ్బాని చొక్కా జేబులో పెట్టుకోండి, ఫోన్‌ని డిక్కీలో పడేయండి.