ఎర్రర్ కాయిన్లు కొంటున్నారా? డబ్బు పంపే ముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. కొత్తగా ఎర్రర్ కాయిన్లు, అంటే మింట్‌లో (నాణేలు తయారుచేసే టంకశాలలో) తయారీలోనే తప్పు దొర్లిన నాణేలు, కొనడం మొదలుపెట్టినవాళ్లు, ముఖ్యంగా "ఇప్పుడు కొని దాచిపెట్టండి, పదేళ్ల తర్వాత రేటు చూడండి" అనే మాట విని కొంటున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. ఆ మాట నమ్మే నేను ఆన్‌లైన్‌లో ఒకే మనిషి దగ్గర మూడు నాణేలు కొన్నాను. రెండు నాణేలు మింట్ దాటి బయటికొచ్చాక ఎవరో చేత్తో పాడుచేసినవి. మూడోదానికి చెప్పుకోదగ్గ విలువే లేదు. నెలల తరబడి కూడబెట్టుకున్న డబ్బు పోయింది. నాలా ఇంకొకరు మోసపోకూడదని వివరంగా రాస్తున్నాను.

అమ్మిన మనిషి మాట చాలా మర్యాదగా ఉండేది. ఎప్పుడు మెసేజ్ పెట్టినా వెంటనే జవాబు, ఫోటో అడిగితే ఫోటో. అతను చెప్పిందాంట్లో సగం నిజం కూడా ఉంది. నేను పడిపోయింది ఆ సగం నిజానికే. "ఇప్పుడు మింట్‌లలో అంతా ఆటోమేటిక్ అయిపోయింది. తేడా ఉన్న నాణేన్ని యంత్రాలే పట్టేస్తాయి. ఇకమీద ఎర్రర్లు బయటికి రావు, కాబట్టి ఇప్పుడున్నవాటికి ముందుముందు గిరాకీ పెరగడం ఖాయం" అన్నాడు. మొదటి భాగం అబద్ధం కాదు. ఇప్పటి పెద్ద మింట్‌లలో నాణేలను జల్లెడలాంటి యంత్రాల మీదుగా పంపి, సైజులో తేడా ఉన్నవాటిని వేరుచేస్తారు. అచ్చు సగం పక్కకి పడినవి, వెడల్పుగా సాగిపోయినవి బయటికి రావడం బాగా తగ్గింది. అయితే దీనివల్ల పెద్ద ఎర్రర్లు అరుదవుతాయి తప్ప ప్రతి గీతకీ, ప్రతి సొట్టకీ విలువ వచ్చెయ్యదు. ఈ తేడా అప్పుడు నాకు తట్టలేదు.

మొదటి నాణెం సంగతి కాస్త దగ్గరగా చెప్తాను. ఇప్పుడు మార్కెట్‌లో ఎక్కువగా తిరుగుతున్న మోసం ఇదే. అది రెండు లోహాల నాణెం, బయట ఒక రంగు రింగు, మధ్యలో ఇంకో రంగు బిళ్ల. మధ్య బిళ్ల తిరిగిపోయి ఉంది. రింగు మీది అక్షరాలు నిటారుగా ఉంటే మధ్యలోని బొమ్మ పక్కకి వాలిపోయి కనిపిస్తుంది. చూడగానే ఎవరికైనా "అబ్బ, ఎంత పెద్ద తప్పు!" అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

నాణేల మీద చాలా ఏళ్ల అనుభవం ఉన్న ఒక పెద్దాయనకి దాన్ని చూపించాను. ఆయన భూతద్దం కూడా తీయకుండా ఒక ప్రశ్న అడిగారు: "అచ్చు వేసే ముందు ఈ మధ్య బిళ్ల మీద బొమ్మ ఉంటుందా?" ఉండదు. రింగూ బిళ్లా రెండూ అప్పటికి నున్నగానే ఉంటాయి. రెంటినీ కలిపి పెట్టి, పైనొక డై, కిందొక డైతో (డై అంటే బొమ్మ చెక్కిన ఉక్కు అచ్చు) ఒకేసారి ఒత్తుతారు. ఆ ఒత్తిడికే రెండూ ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి, ఆ ఒత్తిడికే బొమ్మా అక్షరాలూ రెంటి మీదా పడతాయి. ఇక రింగు మీది అచ్చు ఒకవైపు, మధ్య బిళ్ల మీది అచ్చు ఇంకోవైపు తిరిగి ఉండటం మింట్‌లో ఎలా కుదురుతుంది? అచ్చు పడ్డాక ఎవరో మధ్య బిళ్లని కొట్టి ఊడదీసి, తిప్పి మళ్లీ బిగించారన్నమాట. ఆ ఒక్క ప్రశ్న నాకు కొనేముందు తట్టి ఉంటే డబ్బు మిగిలేది.

తర్వాత భూతద్దంలో చూపించారు. రింగూ బిళ్లా కలిసే చోట చుట్టూ సన్నని సందు, అందులో కొత్తగా మెరుస్తున్న లోహం. నాణెం మిగతా అంతా వాడి వాడి మసకబారి ఉంటే, ఆ గీత మాత్రం నిన్న గీసినట్టు తళతళలాడుతోంది. ఒకవైపు మధ్య బిళ్ల కాస్త పైకి లేచి ఉంది. గోరు పెట్టి లాగితే తగులుతుంది. తూకం మాత్రం సరిగ్గా సరిపోయింది. సరిపోక ఏమవుతుంది, లోహం ఎక్కడికీ పోలేదు కదా. "తూకం కరెక్ట్‌గా ఉంది, కాబట్టి ఒరిజినల్" అని ఎవరైనా వాదిస్తే ఈ విషయం గుర్తుపెట్టుకోండి. తూకం సరిపోతే అసలు నాణెమే అని కొంతవరకు తెలుస్తుంది. ఎర్రర్ అసలుదో కాదో దాంతో తెలియదు.

రెండోది అంచు దగ్గర చంద్రవంకలా ముక్క పోయిన నాణెం. దీన్ని క్లిప్ అంటారు. ఇలాంటి అసలు ఎర్రర్ నిజంగా ఉంది. లోహపు రేకు నుంచి గుండ్రటి బిళ్లలు కత్తిరించేటప్పుడు, రేకు సరిగ్గా ముందుకు జరగకపోతే అంతకుముందు పడిన రంధ్రం మీదే కత్తెర మళ్లీ పడుతుంది. అప్పుడు బిళ్లకి ఒక ముక్క తక్కువవుతుంది. గమనించండి, ముక్క ముందే పోయింది, అచ్చు తర్వాత పడింది. అందుకే అసలు క్లిప్‌లో ఆ కోత దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు పలచబడి, కోతవైపు సాగినట్టు ఉంటాయి. కోతకి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా చాలా నాణేల్లో బలహీనంగా ఉంటుంది. బిళ్లకి గట్టు లేపే యంత్రంలో కోత ఉన్న చోట పట్టు దొరకదు కాబట్టి ఎదుటివైపు కూడా సరిగ్గా ఒత్తుకోదు. దీన్ని బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు.

నా నాణెంలో కోత దగ్గర అక్షరం కత్తితో కోసినట్టు సగానికి తెగిపోయింది. మిగిలిన సగం నిండుగా, పదునుగా అలాగే ఉంది. ఎదుటి అంచు మామూలు నాణేనికి ఉన్నంత మందంగా ఉంది. కోత లోపలి పక్కన సన్నగా వరసగా ఆకురాయి గీతలు. అది ఎవరో తీరిగ్గా కూర్చుని అరగదీసిన నాణెం.

మూడోది "డబుల్డ్ డై" అని అమ్మాడు. ఇందులో అబద్ధం కొంచెం సున్నితమైనది. అసలు డబుల్డ్ డై అంటే తప్పు డై తయారీలోనే జరుగుతుంది. డై మీద బొమ్మ రెండుసార్లు, కాస్త తేడాతో పడుతుంది. ఇక ఆ డైతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే రెట్టింపు అక్షరం. రెండు అక్షరాలూ నిండుగా, గుండ్రంగా లేచి ఉంటాయి, కొసల దగ్గర చీలిక కనిపిస్తుంది. నా నాణెం మీదున్నది అలాంటిది కాదు. అక్షరం పక్కన చదునుగా, మెట్టులా ఒక నీడ. డై వదులుగా ఉండి, ఒత్తాక అదిరితే అక్షరం పక్కకి నలిగి ఇలా అవుతుంది. మెషీన్ డబ్లింగ్ అంటారు దీన్ని. లెక్కలేనన్ని నాణేల మీద ఉంటుంది, ఎవరూ ఎక్కువ డబ్బు పెట్టి కొనరు. దీనికి అతను ప్లాస్టిక్ డబ్బా, సీల్, సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు. సర్టిఫికెట్ ఇచ్చింది ఎవరో కాదు, అమ్మినవాడే. సొంతంగా ప్రింట్ తీసిన కాగితం.

సర్టిఫికెట్ల గురించి ఒక మాట. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి పేరున్న గ్రేడింగ్ సంస్థల (నాణెం అసలుదో కాదో, ఎంత బాగుందో పరీక్షించి, నంబర్ వేసిన డబ్బాలో సీల్ చేసి ఇచ్చేవి) డబ్బాలకి కూడా నకిలీలు ఉన్నాయి. డబ్బా మీది నంబర్‌ని ఆ సంస్థ వెబ్‌సైట్‌లో మీరే టైప్ చేసి చూడండి. నంబర్ దొరికినంత మాత్రాన ఊరుకోకండి, అసలు నంబర్‌ని నకిలీ డబ్బా మీద వేస్తారు. అక్కడ ఫోటో ఉంటే దానితో మీ నాణెం మీది గీతలు, మచ్చలు ఒక్కొక్కటే పోల్చుకోండి. అమ్మేవాడు పంపిన లింక్ మీద మాత్రం నొక్కకండి.

ఇక అసలు ఆశ, ముందుముందు రేటు పెరగడం. ఈ దెబ్బ తిన్నాక కూర్చుని చదివితే నాకు అర్థమైంది ఇది.

అమెరికాలో 1955 డబుల్డ్ డై సెంట్ ఉంది. 20,000కు పైగానే బయటికి వెళ్లాయని అంచనా. తేదీ, అక్షరాలు రెండేసి ఉన్నట్టు భూతద్దం లేకుండానే కనిపిస్తాయి. ఆ సెంట్ల వరుస మొత్తం సేకరించేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లందరికీ అది కావాలి. అందుకే ఇన్నేళ్లయినా దాని విలువ నిలబడింది. 2000లో ఒకవైపు క్వార్టర్ (పావు డాలర్ నాణెం) బొమ్మ, ఇంకోవైపు డాలర్ బొమ్మ పడిన నాణేలు బయటపడ్డాయి. అవి ఇరవైకి అటూఇటూ మాత్రమే. అలాంటిదానికి గిరాకీ ఎందుకుండదు?

ఇప్పుడు 2007 జార్జ్ వాషింగ్టన్ డాలర్ చూడండి. దానికి సంవత్సరం, 'ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్' లాంటి మాటలు అంచు మీద ఉంటాయి. నాణెం కొట్టాక వేరే యంత్రంలో అంచు మీద అక్షరాలు వేస్తారు. కొన్ని ఆ యంత్రంలోకి వెళ్లకుండానే బయటికొచ్చేశాయి. వార్త రాగానే జనం ఎగబడ్డారు, మొదటి రోజుల్లో రేటు ఆకాశాన్నంటింది. తర్వాత చూస్తే ఒకటీ రెండూ కాదు, వేలకు వేలు బయటపడ్డాయి, రేటు దిగిపోయింది. మొదటి వారంలో ఎక్కువ పెట్టి కొన్నవాళ్ల సంగతి ఆలోచించండి. పైగా కొందరు మామూలు డాలర్ అంచు అరగదీసి అదే ఎర్రర్ అని అమ్మారు. ఇక్కడ తూకం పనికొస్తుంది, అసలు బరువు 8.1 గ్రాములు, అరగదీస్తే తగ్గుతుంది. ఇంకొందరు అంచు అక్షరాలు తలకిందులుగా ఉన్నాయని ఎర్రర్‌గా అమ్మారు. నాణేలు ఆ యంత్రంలోకి ఏ వైపు పడితే ఆ వైపుగా వెళ్తాయి, కాబట్టి తలకిందులు రావడం మామూలే, అందులో తప్పేమీ లేదు.

బ్రిటన్‌లో 2008లో తేదీ లేని 20 పెన్స్ కూడా ఇలాంటి కథే. కొత్త డిజైన్‌లో తేదీని ఒకవైపు నుంచి ఇంకోవైపుకి మార్చారు. కొత్త డై ఒకవైపు, పాత డై ఇంకోవైపు పెట్టి కొట్టేసరికి రెండు వైపులా తేదీ లేకుండా పోయింది. అది నిజమైన ఎర్రర్, ముఖ విలువ కన్నా ఎక్కువే పలుకుతుంది. కానీ వార్త వచ్చిన కొత్తలో ఆన్‌లైన్‌లో పెట్టిన ధరలకీ, తర్వాత నిజంగా చేతులు మారిన ధరలకీ పొంతనే లేదు.

ఈ కాలం ఎర్రర్లతో ఉన్న చిక్కు ఇదేనని నాకనిపిస్తోంది. పాత రోజుల్లో తప్పు పడిన నాణెం ఎవరూ గమనించకుండా చేతులు మారి, అరిగిపోయి, పోగొట్టుకుపోయేది. మిగిలినవి తక్కువ. ఇప్పుడు ఒక ఎర్రర్ బయటపడిన రోజే ఫోన్లలో అందరికీ తెలిసిపోతుంది, దొరికిన ప్రతిదాన్నీ కవర్లో పెట్టి దాచేస్తారు. పదేళ్ల తర్వాత అవన్నీ అలాగే కొత్తగా ఉంటాయి, అమ్మేవాళ్లు వందల్లో ఉంటారు. డై పగులు వల్ల వచ్చిన సన్నని గీత, డైలో గ్రీజు నిండి మాయమైన అక్షరం, పలచగా పడిన అచ్చు, వీటి మీద అసలు ఆశ పెట్టుకోకండి. ఒక్కో డైతో లక్షల్లో నాణేలు కొడతారు, అరిగేకొద్దీ ఇలాంటివి వస్తూనే ఉంటాయి. నచ్చితే చిల్లరలో దొరికినవి దాచుకోండి, డబ్బు పెట్టి మాత్రం కొనకండి.

రేటు తెలుసుకోవాలంటే అమ్మేవాడు అడిగే ధర చూడకండి. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. ఈబేలో అమ్ముడైనవాటిని విడిగా చూసే వీలుంది, పేరున్న వేలం సంస్థలు పాత వేలం ధరలు చూపిస్తాయి. నేను కొన్నలాంటివి ఎంతకి పోయాయో అక్కడ చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

డబ్బు వెనక్కి అడిగితే ఏమైందో కూడా చెప్పాలి. మొదట "సర్, మీరు చూపించినవాళ్లకి తెలియదు" అన్నాడు. మింట్‌లో అచ్చు ఎలా పడుతుందో రాసి పంపాను. "ఎర్రర్ కాయిన్లకి రిటర్న్ లేదని ముందే చెప్పాం" అన్నాడు. మూడో రోజు నన్ను బ్లాక్ చేశాడు. నా దగ్గర పార్సిల్ విప్పిన వీడియో లేదు, డబ్బు కూడా రక్షణ లేని పద్ధతిలో నేరుగా పంపాను. ఈ రెండు తప్పులూ మీరు చెయ్యకండి. కొనుగోలుదారుకి రక్షణ ఉన్న చోట మాత్రమే కొనండి, కవరు సీల్ కనిపించేలా వీడియో తీస్తూ విప్పండి. అంచు ఫోటో, రెండు వైపులా దగ్గరి ఫోటోలు ముందే అడగండి. అంచు ఫోటో ఇవ్వడానికి నసిగేవాడి దగ్గర కొనకపోవడమే మంచిది.

ఇంకో విషయం. ఆ మూడింటినీ చూపించి రేటు ఎంతుంటుందని నేను నలుగురిని అడుగుతుంటే, ఒకతను తనంతట తానే మెసేజ్ పెట్టాడు. మొత్తం పెద్ద రేటుకి కొంటానన్నాడు, ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నాడు. అప్పటికే ఒకసారి పోయింది కాబట్టి కట్టలేదు. నాణెం కొనేవాడు అమ్మేవాడి దగ్గర డబ్బు అడగడు. నష్టపోయి టెన్షన్‌లో ఉన్నవాళ్లనే వీళ్లు వెతుక్కుంటూ వస్తారు.

ఆ తిరిగిన బిళ్ల నాణెం ఫోటో ఇంకా తిరుగుతూనే ఉంది. కిందటి వారం వేరే పేరుతో, "ప్రపంచంలో ఒక్కటే పీస్" అని పెట్టారు. గుర్తు చెప్తాను: మధ్య బిళ్ల కుడివైపుకి వాలి ఉంటుంది, రింగు మీద కింది భాగంలో చిన్న అడ్డగీత ఉంటుంది. ఆ ఫోటో చూసి మీరెవరైనా అడ్వాన్స్ పంపబోతుంటే ఆగండి. ఆ నాణెం ఇప్పుడు నా డెస్క్ మీదే ఉంది.