సాస్కటూన్ నుంచి ఒక్కరోజు దారులు: బతోష్, స్మట్స్, మ్యూన్‌స్టర్

కెనడాలోని సాస్కటూన్‌లో స్థిరపడిన మాకు, వేసవి శనివారాల్లో పులిహోర కట్టుకుని చుట్టుపక్కల పల్లె దారులు పట్టడం మూడేళ్లుగా అలవాటు. ఇక్కడికి కొత్తగా వచ్చిన తెలుగువారు ముందుగా ఎక్కడికి వెళ్లాలని అడిగితే, ఒకప్పటి యుద్ధస్థలం బతోష్ పేరే చెబుతాను. 11వ నంబరు హైవే మీద రోస్తర్న్ దాకా వెళ్లి, 312 మీదుగా దక్షిణ సాస్కచెవాన్ నది దాటి, ఉత్తరంగా 225 పట్టుకుంటే సుమారు గంట ప్రయాణం.

నది ఒడ్డు నుంచి సన్నగా, పొడుగ్గా సాగే తమ పొలాలను కాదని ప్రభుత్వం చదరపు కొలతలు రుద్దుతుందన్న భయం, హక్కు పత్రాలు రాలేదన్న ఆవేదన కలిసి ఇక్కడి మేటీ ప్రజలను (మూలవాసులు, ఐరోపావారి మిశ్రమ సంతతి) లూయీ రియెల్ నాయకత్వంలో తిరుగుబాటుకు నడిపించాయి. 1885 మే 9 నుంచి 12 వరకు ఇక్కడే ప్రభుత్వ సైన్యంతో పోరు జరిగింది. చివరికి మేటీలు తూటాలు అయిపోయి, తుపాకుల్లో మేకులు, రాళ్లు కూరి పేల్చారట. తెల్లని చెక్క చర్చి పక్కనే ఉన్న పాదరీల ఇంటికి ఆనాటి తూటాల రంధ్రాలు ఇప్పటికీ ఉన్నాయి. "వీటిని ఎందుకు పూడ్చలేదు నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. జవాబుగా దాన్ని శ్మశానం వైపు నడిపించాను. అక్కడ పోరులో చనిపోయినవారి సామూహిక సమాధి, దానికి కాస్త దూరంలో నదిని చూస్తున్నట్టు నిలిపిన పెద్ద రాయి కింద మేటీల సేనాని గాబ్రియెల్ డ్యూమాంట్ సమాధి ఉన్నాయి. నది వెంట కాలిబాటలో నడవడానికే రెండు గంటలు కేటాయించండి. మే, జూన్ నెలల్లో గడ్డిలో పిడుదులు ఉంటాయి కనుక నిండు ప్యాంట్లు తప్పనిసరి.

సందర్శకుల కేంద్రం శుభ్రంగా ఉంటుంది, సిబ్బంది ఓపికగా వివరిస్తారు. అయితే తెరిచి ఉంచేది వేసవి కాలంలోనే. పెట్రోలు రోస్తర్న్‌లోనే నింపుకోవడం మేలు. ఒకసారి దగ్గరి చిన్న ఊళ్లో మోటెల్‌లో రాత్రి ఆగాం. గదిలో పొగాకు వాసన, తొమ్మిదింటికల్లా తినడానికి ఎక్కడా తలుపు తీసి లేదు. గంట దూరంలో ఇల్లు పెట్టుకుని ఆ ఖర్చు అనవసరమనిపించింది.

తిరుగు దారిలో స్మట్స్ చూడవచ్చు. ఊరు దాదాపు ఖాళీ అయినా, ఉక్రేనియన్ వలసదారులు కట్టుకున్న రెండు చర్చిలు గుమ్మటాలతో నిలిచే ఉన్నాయి. మేం వెళ్లినప్పుడు రెండింటికీ తాళాలే. నీడలో కూర్చుని భోజనం చేశాం. ఈ కంకర రోడ్లు ఉత్తర దక్షిణాలుగా మైలుకొకటి, తూర్పు పడమరలుగా రెండు మైళ్లకొకటి వేసినవి కనుక దారి తప్పడం కష్టమే గానీ, ఎదురుగా లారీ వస్తే రాళ్లు ఎగురుతాయి. నిరుడు అత్తగారు, మామగారు వచ్చినప్పుడు తీసుకున్న అద్దె కారుకు అలాగే ముందు అద్దం పగిలింది. కంకర రోడ్ల మాట ముందుగా చెప్పని ఆ సంస్థ, అద్దం ఖరీదు మొత్తం వసూలు చేసింది. బీమా షరతులు చదివాకే సంతకం పెట్టండి.

పెద్దవాళ్లతో వెళ్తే హంబోల్ట్ పట్టణం దాటగానే వచ్చే మ్యూన్‌స్టర్ సుఖం, దారంతా తారు రోడ్డే. అక్కడి సెయింట్ పీటర్స్ చర్చి లోపల బెర్తోల్డ్ ఇమ్‌హోఫ్ 1919లో చిత్రించిన నిలువెత్తు పునీతుల బొమ్మలు ఉన్నాయి. మా అత్తగారు ఒక్కొక్క బొమ్మ ముందు చేతులు జోడించి నిలబడుతూ, మమ్మల్ని గంటన్నరసేపు అక్కడే ఉంచారు.