కుజ్నెచ్నీ వీధిలో దోస్తోవ్‌స్కీ ఇల్లు: ఆన్నా బల్ల దగ్గర ఆగండి

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రష్యన్ నవలాకారుడు దోస్తోవ్‌స్కీ ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అక్కడికి వెళ్లినవాళ్లు ఎక్కువగా ఆయన రాతబల్ల చూసి, ఫొటో తీసుకుని వచ్చేస్తారు. నన్నడిగితే ఆయన భార్య ఆన్నా గ్రిగోర్యెవ్నా గదిలో ఎక్కువసేపు నిలబడాలి. ఆమె బల్ల మీద ఉన్నవి బిల్లులు, రసీదులు. బ్యాంకులో మొండి బకాయిల విభాగంలో పనిచేసి రిటైరైన నాకు ఆ గది వదిలి రాబుద్ధి కాలేదు.

1866లో ఆమె ఇరవై ఏళ్ల స్టెనోగ్రాఫర్‌. దోస్తోవ్‌స్కీ దగ్గర కుదుర్చుకున్న జీతం 50 రూబుళ్లు. అప్పటికే ప్రచురణకర్త స్తెల్లోవ్‌స్కీ 3,000 రూబుళ్లిచ్చి దోస్తోవ్‌స్కీ చేత ఒప్పందం రాయించుకున్నాడు. నవంబరు 1లోగా కొత్త నవల అందకపోతే తొమ్మిదేళ్లపాటు ఆయన రచనలు ఉచితంగా వేసుకోవచ్చట! ఇంతకన్నా దుర్మార్గపు షరతు నా సర్వీసులో చూడలేదు. ఆయన చెబుతుంటే ఆమె రాసుకుంటూ 26 రోజుల్లో 'జూదరి' పూర్తి చేశారు. తీరా ఇవ్వబోతే స్తెల్లోవ్‌స్కీ ఊళ్లో లేడు. రాతప్రతిని పోలీసు స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకున్నారు.

మరుసటి ఏడాది పెళ్లి. అప్పులు చాలావరకు చనిపోయిన అన్నగారు మిఖయీల్‌వి: పొగాకు వ్యాపారం, పత్రిక. ఎవరు కాగితం తెచ్చినా నిజమేనా అని చూడకుండా దోస్తోవ్‌స్కీ సంతకం పెట్టేవారు. 1871లో విదేశాల నుంచి తిరిగి రాగానే అప్పులవాళ్లు చుట్టుముట్టారు. ఒకాయన జైలుకు పంపిస్తానంటే ఆన్నా ఏమన్నారో చూడండి: ఇల్లు అద్దెకు తీసుకున్నది నా పేరున, సామాను వాయిదాల మీద తెచ్చినది, జప్తు కుదరదు. ఆయన్ను జైల్లో పెడితే తిండి ఖర్చు మీరే కట్టాలి. ఆ పెద్దమనిషి వాయిదాలకు దిగివచ్చాడు. ఎదుటి పక్షంలో ఇలాంటి మనిషి ఉంటే మా విభాగం మూతపడేది.

1873లో 'దయ్యాలు' నవలను వాళ్లే సొంతంగా 3,500 కాపీలు వేశారు. పుస్తక దుకాణాల మనుషులు ఇంటికే వచ్చి కొనుక్కున్నారు, మొదటి రోజే 115 కాపీలు. అయినా బాకీలు పూర్తిగా తీరింది ఆయన మరణానికి ఏడాది ముందే. 1878 నుంచి 1881లో పోయేదాకా ఆయన ఉన్నది ఈ ఇంట్లోనే కాబట్టి, ఆఖరి బాకీ చెల్లించింది కూడా ఇక్కడి నుంచే.

వ్లాదిమిర్‌స్కాయా మెట్రో నుంచి నడిచి వెళ్లవచ్చు. సోమవారం సెలవు. ఒక ట్రావెల్స్ వాళ్లిచ్చిన గైడు మమ్మల్ని ఈ గది దాటించేయాలని తెగ తొందరపెట్టాడు. గైడు లేకుండా వెళ్లండి.