మహేంద్రగిరి ‘లూప్ ట్రెక్’ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టరు తిరుగుతోంది. ఒక్కరోజులో ఒడిశా గజపతి జిల్లాలోని మహేంద్రగిరి కొండ లూప్ ట్రెక్, ఒక దారిన ఎక్కి మరో దారిన దిగడం, గైడు, భోజనం, పర్మిషన్లు అన్నీ వాళ్లవే, తలకు 1,800 అని. డిసెంబరులో మేం కట్టి వెళ్లొచ్చాం. మీరు కట్టకండి.

పోస్టరులోనే తేడా ఉంది. ‘ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం’ అని రాశారు. అది కోరాపుట్ జిల్లాలోని దేవమాలి, 1,672 మీటర్లు. మహేంద్రగిరి 1,501. పైన వేసిన పచ్చిక ఫొటో కూడా దేవమాలిదే. ఏ కొండ ఎక్కిస్తున్నారో తెలియనివాళ్లు దారి చూపిస్తారట!

పొద్దున ఆరింటికల్లా తయారుగా ఉండమన్నారు. జీపు వచ్చేసరికి పదిన్నర. ఆలస్యమే కదా అని ఊరుకునే విషయం కాదిది. 14 కిలోమీటర్ల నడక, 700 మీటర్ల ఎక్కుడు అని వాళ్లే చెప్పారు. కొండ నడకకు అందరూ వాడే లెక్క ఒకటుంది: ఐదు కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. ఎక్కడా కూర్చోకుండా నడిస్తేనే నాలుగు గంటలు. పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో అయితే ఆరేడు గంటలు వేసుకోవాలి. డిసెంబరులో ఇక్కడ ఐదుంబావుకల్లా పొద్దు గుంకుతుంది. ఇక మీరే చూసుకోండి.

జీపులో పైకి తీసుకెళ్లి భీముడి గుడి, ధర్మరాజు గుడి, కుంతి గుడి చూపించారు. ఆ పెద్ద పెద్ద రాతిబండలు ఒకదానిమీద ఒకటి పేర్చిన తీరు చూస్తే ఎవరికైనా నోరు తెరుచుకుంటుంది, అందులో అనుమానం లేదు. ఆ తర్వాత లూప్ దారి ఎటు అని అడిగితే గైడు ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. మ్యాపులో బూడిదరంగు గళ్లు తప్ప ఏమీ రాలేదు. కాసేపు అటూ ఇటూ తిప్పి, ‘ఆ దారి మూసేశారండి, వచ్చినదారే దిగుదాం’ అన్నాడు. పాపం, అతను డ్రైవరు మేనల్లుడట, ఆ రోజు పొద్దున్నే పిలిచారట. అతన్ని తిట్టి లాభం లేదు.

పులిహోర పొట్లాలు పుల్లబడ్డాయి. ‘ఫారెస్టు ఎంట్రీ’ అని తలకు మరో రెండొందలు లాగారు, రశీదు లేదు.

అసలు చెప్పాల్సింది డబ్బు వెనక్కి అడిగినప్పటి సంగతి. క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పడుతుందన్నారు. మా బావమరిది కొట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాం. మన ఖాతాలోకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే మన డబ్బు పోతుందనే.

ఏ ట్రెక్ ప్యాకేజీ అయినా సరే, కట్టేముందు లూప్ దారి జీపీఎస్ ట్రాక్, అంటే నడిచిన దారిని ఫోన్లో నమోదు చేసిన ఫైలు, పంపమనండి. నిజంగా నడిచినవాళ్ల దగ్గర అది ఉంటుంది. గైడు ఏ ఊరివాడో, ఆ దారిలో ఇంతకుముందు నడిచాడో లేదో కనుక్కోండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు చాట్లు, పేమెంట్ స్క్రీన్‌షాట్లు చెరపకండి. 1915కి ఫోన్ చేస్తే కేంద్ర వినియోగదారుల హెల్ప్‌లైన్ ఫిర్యాదు తీసుకుంటుంది. పిన్ కొట్టి పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, వాళ్ల ఊరికి తిరగక్కర్లేదు.

ఇప్పుడు అదే దేవమాలి ఫొటోతో, వేరే పేరుతో శివరాత్రి ప్యాకేజీ పోస్టరు వచ్చింది. అడ్వాన్సు ఈసారి ఇంకా ఎక్కువ.