కూట్ బహద్దూర్ వెంట చిత్తూరు దాకా

తిరుపతి వెళ్తున్నామని చెప్పగానే ఎదురింటి ఆవిడ లడ్డూ ఒకటి ఎక్కువ తెమ్మంది. తేలేదు. ఈసారి మేము కొండ ఎక్కనే లేదు. రైలు దిగి, శేషాచలానికి కిందినుంచే దండం పెట్టుకుని చంద్రగిరి వైపు తిరిగాం. కారణం మా అన్నయ్య. ఇరవై నాలుగేళ్లు మద్రాస్ రెజిమెంటులో పనిచేసి సుబేదారుగా పదవీ విరమణ చేసిన తనకూ, బడిలో చరిత్ర పాఠాలు చెప్పి ఇంటిపట్టునే ఉంటున్న నాకూ పదేళ్లుగా తెగని వాదం ఒకటి ఉంది. అది ఈస్టిండియా కంపెనీ సేనాని సర్ ఐర్ కూట్ గురించి.

పాఠ్యపుస్తకాల్లో ఆ పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది: 1760లో వందవాసి దగ్గర ఫ్రెంచి సేనాని లాలీని ఓడించినవాడు. నాకు ఆసక్తి ఆ కూట్ మీద కాదు. ఇరవై ఏళ్ల తరువాత, ఒళ్లు చెడి, ముక్కోపం ముదిరి, మైసూరు పాలకుడు హైదర్ అలీని ఎదుర్కోవడానికి మళ్లీ మద్రాసులో దిగిన కూట్ మీద. అన్నయ్య లెక్కలో అతను మునిగిపోతున్న పడవను ఒడ్డుకు చేర్చిన సేనాని. నా లెక్కలో తన హోదా, తన భత్యం, తన మాట నెగ్గడం తప్ప మరొకటి పట్టని పెద్దమనిషి. హైదర్‌తో అతని పోరు నడిచిన నేలలో కొంత తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కలే ఉంది. ఇంట్లో కూర్చుని దెబ్బలాడుకునే బదులు వెళ్లి చూద్దాం పద అన్నాడు అన్నయ్య. డిసెంబరు మొదటి వారంలో మూడు రోజులు కుదిరింది.

తిరుపతిలో బస సంగతి ముందే చెప్పేస్తాను. బస్టాండుకు దగ్గరలో ఒక ప్రైవేటు లాడ్జి. ఫోనులో ఇరవై నాలుగు గంటల లెక్క అన్నవాళ్లు, తీరా వెళ్లాక మర్నాడు ఉదయం ఎనిమిదికల్లా ఖాళీ చేయాలన్నారు. వేడినీళ్లు ఐదు నుంచి ఏడు దాకా. మాకు తాళం చేతికొచ్చింది ఏడుకు పది నిమిషాల ముందు. అదనంగా ఒక దుప్పటి అడిగితే మేనేజరు నోరు విప్పలేదు, గోడ మీది నిబంధనల బోర్డు వైపు వేలు చూపించాడు. “చూశావా అన్నయ్యా, ఈయనకు ఒక పటాలం ఇస్తే ఈయనా కూటే” అన్నాను. అన్నయ్య నవ్వలేదు. కొండకు వెళ్లే పని లేనివాళ్లు ఆ వీధిలో దిగకపోవడమే మంచిది. అక్కడ డబ్బు ఇచ్చేది గదికి కాదు, తిరుమల బస్సులకు దగ్గరగా ఉన్నందుకు.

చంద్రగిరి తిరుపతికి పన్నెండు కిలోమీటర్ల దూరం. శుక్రవారం మ్యూజియానికి సెలవు, అది చూసుకుని బయలుదేరాలి. మేము గురువారం వెళ్లాం. రాజమహల్ మూడంతస్తుల మేడ. రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కలప వాడలేదు. లోపల విగ్రహాలు బాగున్నాయి గానీ నాకు నచ్చింది పై అంతస్తులో కిటికీ పక్క నీడ. ఎదురుగా నున్నటి బండరాతి కొండ, దాని మీద గోడ పాక్కుంటూ వెళ్లినట్టుంటుంది. విజయనగర రాజుల చివరి రోజుల వైభవం గురించి గైడు చెప్పుకుపోతున్నాడు. మాకు కావలసిన కథ ఆ తరువాతిది. ఆర్కాటు నవాబు తమ్ముడు అబ్దుల్ వహాబ్ ఖాన్ ఈ కోటలో కూర్చుని, తిరుపతి క్షేత్రానికి రక్షకుడిని నేనే అనిపించుకున్నాడు. 1782లో కోట హైదర్ చేతికి వచ్చింది. 1792 దాకా మైసూరు కిందే ఉంది. అంటే కూట్ వరసగా యుద్ధాలు గెలిచిన మరుసటి ఏడే, తిరుపతి గుమ్మంలాంటి ఈ కోట శత్రువు పాలైంది. నేను ఆ మాట అన్నాను. “కోట పోగొట్టుకున్నది నవాబు తమ్ముడు, కూట్ కాదు” అన్నాడు అన్నయ్య. పిల్లలతో వచ్చేవాళ్లు మధ్యాహ్నం పూట రావద్దు, నీళ్ల సీసా చేతిలో ఉండాలి, తినుబండారాలు మాత్రం సంచిలో దాచుకోవాలి. కోతులకు ఎవరి హోదాతోనూ పని లేదు.

చిత్తూరుకు ఆర్టీసీ బస్సులో వెళ్లాం. కూర్చోవడానికి చోటు దొరికింది, కండక్టరు చిల్లర కూడా ఇచ్చాడు. అంతకన్నా చెప్పడానికి లేదు.

చిత్తూరులో దిగిన లాడ్జి చూడటానికి పాతది, మెట్లు ఇరుకు. గది మాత్రం కడిగినట్టుంది. పదకొండు వందలకు రెండు మంచాలు, వరండా, అడక్కుండానే రెండు దుప్పట్లు. కౌంటరులో ఉన్న కుర్రవాడు “భోజనానికి పక్క సందులోకి వెళ్లండమ్మా, మా దగ్గర టిఫిను అంత బాగుండదు” అన్నాడు. సొంత టిఫిను బాగుండదని చెప్పిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. పక్క సందులో రాగి సంగటి, వేరుశనగ పచ్చడి, అన్నయ్యకు కోడి పులుసు. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి ఇచ్చారు. తిరుపతిలో రెండు పూటలు తిన్నదంతా కలిపినా ఆ ముద్దకు సాటి రాదు.

ఆ రాత్రి వరండాలో కూర్చుని అసలు వాదం మొదలుపెట్టాం. అన్నయ్య తన వాదన 1780 నుంచి ఎత్తుకున్నాడు. ఆ జూలైలో హైదర్ ఆర్కాటు నవాబు ఏలుబడిలోని కర్ణాటక మీద పడ్డాడు (ఇప్పటి రాష్ట్రం కాదు). సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర కంపెనీ అధికారి బెయిలీ సేన మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. సాయానికి వెళ్లాల్సిన మన్రో పెద్ద ఫిరంగులను కంచి కోనేట్లో పడేసి వెనక్కి తిరిగాడు. మద్రాసు కౌన్సిల్ చేతులెత్తేసింది. నవంబరులో కూట్ కలకత్తా నుంచి ఓడ దిగాడు, గవర్నరును పక్కన పెట్టే ఉత్తర్వు చేత పట్టుకుని. మరుసటి ఏడు జూలై 1న పరంగిపేట, ఆగస్టు 27న అదే పొల్లిలూరు, సెప్టెంబరు 27న షోలింగూరు. మూడు నెలల్లో మూడు గెలుపులు. “నవంబరులో ఈ చిత్తూరు కోట కూడా పట్టాడు. పొగరు ఉంటే ఉండనీ. పొగరు లేనివాళ్లు అప్పటిదాకా ఏం చేశారో చూశాం కదా!”

నా చిట్టా నేనూ విప్పాను. 1757లో కలకత్తా కోట ఎవరి చేతిలో ఉండాలన్న దాని మీద క్లైవుతో తగవు. 1770 ప్రాంతంలో మద్రాసు గవర్నరుతో తగవు, పదవి వదిలేసి ఇంటికి. తిరిగొచ్చి కలకత్తాలో కూర్చున్నాక యుద్ధభత్యం కావాలన్నాడు. గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఆ ఖర్చును అవధ్ నవాబు నెత్తిన రుద్దాడు. 1781లో మెకార్ట్నీ గవర్నరుగా వస్తే అతనితోనూ సరిపడలేదు. సైన్యం మీద తన మాట తప్ప మరొకరి మాట చెల్లకూడదు. ఇంతకీ మూడు గెలుపుల తరువాత చేతికొచ్చిందేమిటి? తరిమి వెంటపడటానికి గుర్రాలు లేవు, ఫిరంగులు లాగడానికి సరిపడా ఎడ్లు లేవు, పటాలానికి నాలుగు రోజుల బియ్యం లేవు. హైదర్ ఓడినప్పుడల్లా పక్కకు తప్పుకుని, ఊళ్లు తగలబెట్టి, ధాన్యం దారులు మూసేశాడు. ఇద్దరి మధ్య నలిగింది రైతులు. 1782 నాటికి మద్రాసులో కరువు.

“ఎడ్లు ఇవ్వాల్సింది ఎవరు? కౌన్సిల్. అందుకే కదా దెబ్బలాడాడు!” అన్నయ్య గొంతు పెరిగింది. కింద కౌంటరులో కుర్రవాడు తల పైకెత్తి చూశాడు.

ఇక్కడ నేను కొంచెం తగ్గాను, నిజం చెప్పాలి. 1782 జనవరిలో వేలూరుకు ధాన్యం చేర్చడానికి వెళ్తూ కూట్‌కు దారిలోనే పక్షవాతం లాంటిది వచ్చింది. పల్లకీలో పడుకునే వెళ్లి పని ముగించాడు. ఒట్టి భత్యాల మనిషి అలా వెళ్లడు. సిపాయిలు అతన్ని కూట్ బహద్దూర్ అనేవారు. అతను పోయాక చాలా ఏళ్లకు కూడా, మద్రాసు ఎక్స్ఛేంజి హాలులో ఉన్న అతని పటానికి ముసలి సిపాయిలు సలాం చేసేవారని, మైసూరు చరిత్ర రాసిన కల్నల్ విల్క్స్ చెప్పాడు. ఆ భవనంలోనే ఇప్పుడు సెయింట్ జార్జి కోట మ్యూజియం ఉంది. జీతాలు ఆలస్యమై, అన్నం కరువై నడిచినవాళ్లు చేసిన సలాం అది. దాన్ని తోసిపుచ్చడానికి నాకు నోరు రాలేదు. అయితే ఆ సలాం సేనానికి చెందుతుందా, తాము బతికి బయటపడ్డామన్న జ్ఞాపకానికి చెందుతుందా అని అడిగాను. అన్నయ్య జవాబు చెప్పలేదు. కాసేపటికి తనే వేరే మాట ఎత్తాడు. షోలింగూరు గెలుపుకు గుర్తుగా మద్రాసు పటాలాలకు యుద్ధ గౌరవం (బ్యాటిల్ ఆనర్) ఇచ్చారు. భారత సైన్యం దాన్ని ఇప్పుడు జరుపుకోదు. మనవాళ్లనే అణచిన యుద్ధాల గౌరవాలను పక్కన పెట్టిన జాబితాలో షోలింగూరు ఉంది. “ఆ రోజు చచ్చినవాళ్లు రెండు వైపులా మనవాళ్లే. అది నాకు తెలుసు. కానీ నడిచింది కూడా మనవాళ్లే కదా, ఆ నడకను ఏ జాబితాలో రాస్తారు?” అన్నాడు. పదేళ్లలో ఈ వాదనలో నేను మొదటిసారి మాట వెతుక్కున్నాను.

మర్నాడు నరసింగరాయనిపేట. చిత్తూరు నుంచి వేలూరు వెళ్లే దారిలో, గుడిపాల మండలంలో ఉంది. ఆటో మాట్లాడుకున్నాం. పోనూ రానూ ఆరు వందలన్న డ్రైవరు, వాన మొదలవగానే ఎనిమిది వందలన్నాడు, ఊరి పొలిమేరలో ఆపి ఇక లోపలికి రాననేశాడు. పరుగున వెళ్లి రోడ్డు పక్క బెల్లం గానుగ పాకలో తలదాచుకున్నాం. ఈ ప్రయాణంలో నాకు బాగా గుర్తుండిపోయేది ఆ గంటసేపే. నలుగురు పట్టేంత పెనంలో చెరకు రసం తెర్లుతోంది. అంచున నల్లటి నురగ పేరుకుంటే ఒకాయన పొడుగాటి గరిటెతో తీసి పక్కన పోస్తున్నాడు. పొయ్యి నోటి దగ్గర ఒక పెద్దావిడ గొంతుక్కూర్చుని ఎండిన పిప్పిని గుప్పెడు గుప్పెడు లోపలికి తోస్తోంది. మంట పెరిగితే చేయి ఆపుతుంది, తగ్గితే తోస్తుంది. చూపు పెనం మీదే, మాటలు మాతో. “ఎవరి తాలూకమ్మా?” అని అడిగింది. హైదర్ అలీ కోసం వచ్చామన్నాను. “ఆయన ఇక్కడే పోయాడంట కదా” అంది, నిన్నగాక మొన్న పోయిన బంధువు సంగతి చెప్పినట్టు.

ఇక్కడే పోయాడు. 1782 డిసెంబరు 7న, వీపు మీద రాచపుండుతో, దండు మధ్యలో. కొడుకు టిప్పు దూరాన మలబారు తీరంలో ఉన్నాడు. కబురు పొక్కితే సైన్యం చీలుతుందని హైదర్ మంత్రులు పూర్ణయ్య, కృష్ణారావు చావును దాచిపెట్టారు. శవాన్ని పెట్టెలో పెట్టి, ఖజానా తరలిస్తున్నట్టుగా కోలారుకు పంపారు. తరువాత శ్రీరంగపట్నం చేర్చారు. సముద్రాన్ని ఎండగట్టలేనని హైదర్ చివరి రోజుల్లో అన్నాడని చెబుతారు, ఇంగ్లీషువారి ఓడలను తలచుకుని. కూట్ మాత్రం అప్పటికే ఆరోగ్యం చెడి బెంగాలు చేరాడు. మళ్లీ యుద్ధానికని బయలుదేరి, దారిలో ఫ్రెంచి ఓడలు వెంటపడగా తప్పించుకుని, 1783 ఏప్రిల్‌లో మద్రాసులో దిగిన కొద్ది రోజులకే కన్నుమూశాడు. ఒకరి చావు రహస్యం. ఇంకొకరికి వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో కంపెనీ కట్టించిన పాలరాతి స్మారకం, అందులో విజయలక్ష్మి, బందీ బొమ్మ. కూట్ అహంకారంతో నాకు పెద్ద తగవు లేదని ఆ పాకలో అనిపించింది. నా తగవు ఆ పాలరాయితో. వాన తగ్గేసరికి చీకటి పడుతోంది, ఊరు తీరిగ్గా చూడలేదు. వెళ్లేవాళ్లు ఉదయం పూట సొంత బండి మీద వెళ్లండి. నాలుగు బెల్లం అచ్చులు కొన్నాం. ఇంకా వెచ్చగా ఉన్నాయి, అరటాకులో చుట్టి ఇచ్చారు.

మూడో రోజు షోలింగూరు. తమిళుల కార్తిక మాసం అయిపోలేదు. ఆ నెలలో కొండ మీది యోగ నరసింహుడు కళ్లు తెరుస్తాడని నమ్మకం, అందుకని జనం కిటకిట, సగం మంది తెలుగువాళ్లే. మెట్లు 1,305. తాడు బండి (రోప్‌వే) వచ్చింది కాబట్టి నేను అందులో ఎక్కాను. వరసలో నిలబడ్డది ముప్పావు గంట, పైకి వెళ్లడానికి పట్టినవి కొద్ది నిమిషాలే. సిబ్బంది ముసలివాళ్లను ముందుకు పంపారు, తోపులాట లేదు. అన్నయ్య తాడు బండి వద్దన్నాడు. సుబేదారు తాడు పట్టుకుని వేలాడడట.

పైన నిలబడి చూస్తే గుట్టలు, గుట్టల మధ్య పైర్లు, చెరువులు. చెమటతో తడిసిన చొక్కాతో అన్నయ్య వచ్చి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చేయి చాపి చూపించాడు. “ఏ గుట్ట వెనక ఎవరున్నారో ఎక్కితే గాని తెలియదు ఇక్కడ. ఈ నేల మీద ఫిరంగి లాగాలంటే...” అని ఆగి, “ఎడ్ల మాట మాత్రం నువ్వు చెప్పింది నిజం” అన్నాడు. అంతకుమించి ఒప్పుకోలేదు, నేనూ అడగలేదు.

తిరుగు బస్సు పళ్లిపట్టు మీదుగా తిరుపతికి. ఎక్కడా పది నిమిషాలకు మించి ఆగలేదు, రాత్రి రైలు అందింది. బెల్లం అచ్చులు నాలుగింటిలో మూడు అన్నయ్య సంచిలోకి వెళ్లాయి. పంపకం తనే చేశాడు. మిగిలినది ఎదురింటి ఆవిడకు.